మెషీను చదవని లైన్లు

సిడ్నీలోని పారమట్టా, 1999 సెప్టెంబరు, శుక్రవారం సాయంత్రం. ఒక బీమా కంపెనీ ఆఫీసులో టీమ్ లీడ్ కేశవరావు గది. ఎదుటి కుర్చీలో ప్రోగ్రామర్ ఫహ్మీదా.

“అయితే ఒప్పుకుంటావా, ఒప్పుకోవా?”

“ఏంది ఒప్పుకునేది అంకుల్?”

“ఆఫీసులో అంకుల్ అనొద్దని చెప్పానా లేదా?”

“మనముండే క్వేకర్స్ హిల్‌లో సార్ అంటే కోప్పడతారు, ఇక్కడ అంకుల్ అంటే కోప్పడతారు. రైలు ఏ స్టేషన్ దాటాక మార్చాలో ఒకసారి చెప్తే రాసి పెట్టుకుంటాను సార్.”

“వేళాకోళం తర్వాత. ఈ స్క్రీన్ మీద ఉన్న ప్రోగ్రాం నీదేనా?”

“పైన నా పేరే ఉంది గదా. రెండువేలు వచ్చినా లెక్క తప్పకుండా రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేశాను. టెస్టింగ్ కూడా అయింది. మీరు ఈ కాగితం మీద సంతకం పెడితే ఇయ్యాళే అసలు మెషీను మీదికి పోద్ది. రేపట్నుంచి జనవరి దాకా ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదన్నారు గదా.”

“సంవత్సరం గురించి కాదు నేనడిగేది. ఇదిగో, ఇక్కడ. లెక్కకీ లెక్కకీ మధ్య, లైను మొదట్లో ఒక నక్షత్రం గుర్తు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ‘చిదంబరం గారు అద్దం ముందు నిలబడి తన కవితకి తనే భేష్ అనుకున్నారు.’ ఏవిటిది? ప్రీమియం లెక్కా?”

“నక్షత్రం పెట్టిన లైను మెషీను చదవదు సార్. కామెంట్ అనుకుని వదిలేసి కింద లైనుకి పోద్ది.”

“నాకు చెబుతున్నావా? నీకు కోబాల్ నేర్పిందే నేను.”

“చేరిన రోజు మీరిచ్చింది మీ కవితల పుస్తకం సార్. కోబాల్ పుస్తకం నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను.”

“సరే, అది వదిలెయ్. కంపెనీ ప్రోగ్రాంలో కథ రాయడం తప్పా కాదా?”

“కామెంట్లు బాగా రాయమని మన మేనేజర్ పీటర్ చెప్పాడు. అందరికన్నా ఎక్కువ రాసింది నేనేనని మార్నింగ్ టీలో చప్పట్లు కొట్టించాడు, మీరూ కొట్టారు. వైన్ సీసా ఇచ్చాడు.”

“తీసుకున్నావా?”

“తాగనన్నాను. అయితే ఇంట్లో బార్బెక్యూకి రమ్మన్నాడు. ఆ సాసేజీలు తిననన్నాను. పాపం ఏం చెయ్యాలో తెలియక ఒక పూలమొక్క ఇచ్చాడు. నీళ్ళు పోస్తున్నా.”

“అతనికి అది కథని తెలియదు కాబట్టి సరిపోయింది.”

“తెలియదా? అయితే అదేందని అడగలేదా?”

“అడిగాడు. తెలుగులో టెక్నికల్ నోట్స్ అని చెప్పాను.”

“మీరా?”

“నేనే. నిన్ను కాపాడదామని.”

“ఎప్పుడు చెప్పారు సార్?”

“ఎప్పుడేవిటి, మొన్నీమధ్య. ఈస్టర్ సెలవులయ్యాక.”

“ఈస్టర్ ఏప్రిల్లో గదా. ఇప్పుడు సెప్టెంబర్. అంటే అప్పట్నుంచీ మీరు దీన్ని చూస్తానే ఉన్నారు, ఇయ్యాళ పిలిచి ఒప్పుకుంటావా అంటున్నారు.”

“టీమ్ లీడ్ అన్నాక అన్నీ చూస్తాం. చూసినవన్నీ చెప్పం.”

“అది మంచి పద్ధతి సార్.”

“అదిగో, ఆ వెటకారమే వద్దన్నాను. అసలు ఎప్పుడు రాస్తావు ఇదంతా? పనెప్పుడు చేస్తావు?”

“టెస్ట్ జాబ్ పంపిస్తే అవుట్‌పుట్ రావడానికి గంట పట్టిద్ది, ఒక్కోసారి పూటంతా పట్టిద్ది. ఆ టైములో అందరూ క్రికెట్ స్కోరు చూస్తారు. ఈశ్వరప్రసాద్ గారు ఇళ్ళ అమ్మకాల సైట్లు చూస్తారు. నేను ఒక నక్షత్రం పెట్టి ఒక లైను రాసుకుంటాను. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఉన్నా మా పిల్లలు దాని ముందునుంచి లేవరు.”

“ఎవరు చదువుతారని?”

“ఎవరూ చదవరనే సార్.”

“అదే నాకు అర్థం కాదు. ఎవరూ చదవని రాత దేనికమ్మా? అడవి గాచిన వెన్నెల.”

“అడవి సంగతి వెన్నెలకెందుకు సార్? దాని పాటికి అది కాస్తది.”

“చూశావా, ఎంత బాగా అన్నావో. నీకు అసలు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?”

“ఒంగోల్లో పుట్టాను సార్. వద్దన్నా వచ్చేసింది.”

“అది కాదు, మీ ఇళ్ళల్లో...”

“మా ఇళ్ళల్లో కూడా గోంగూర పచ్చడి అడగాలంటే నోరు తెరవాలి సార్. ప్రతిసారీ ఇదే ప్రశ్న అడుగుతారు, ప్రతిసారీ ఇదే చెప్తాను.”

“మెచ్చుకుంటే కూడా తప్పేనా? సరే. ఇంత భాష ఉన్నదానివి, మన అసోసియేషన్ ఉగాది సంచికకి ఇవ్వచ్చు కదా. సంపాదకుణ్ణి నేనే ఉన్నాను. ఇలా బీమా ప్రోగ్రాంలో దాచుకోవడం ఏవిటి?”

“ఇచ్చాను సార్, పోయిన ఉగాదికి. మా జేజి, అదే మా నాయనమ్మ గురించి.”

“అవునవును. వేశాను కదా.”

“వేశారు. మా జేజి చివర్లో కోడి పోయిందని ఏడుస్తా కూచుంటది. మీరు ఆమెని లేపి నిలబెట్టి, ఐకమత్యమే బలం అని ఉపన్యాసం ఇప్పించారు.”

“కథకి సందేశం ఉండాలి.”

“కింద మీ పద్యం కలిపారు. నా కథలో. నా పేరు కింద.”

“పేజీలో కొంచెం ఖాళీ మిగిలింది, అందుకని. అందరూ మెచ్చుకున్నారా లేదా?”

“మెచ్చుకున్నారు. హాల్లో నా చెయ్యి పట్టుకుని మరీ, పద్యం చాలా బాగుందమ్మా అన్నారు. విద్యావతి ఆంటీ అయితే, కథ చదవలేదుగానీ పద్యం మా ఆయన చదివి వినిపించాడు అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతా ఏడ్చాను సార్. ఇంక ఎవరికీ చూపించేది లేదనుకున్నాను. రాయడం మాత్రం మానుకోలేను. అందుకే నక్షత్రం వెనక రాసుకుంటున్నా. అక్కడ ఎవరూ పద్యాలు కలపరు.”

“నువ్వు మరీ సున్నితం. విమర్శని తట్టుకోవాలి. ఇప్పుడు ఈ కథే తీసుకో. లోపాలు చెప్పమంటే బోలెడు.”

“చెప్పమనలేదు సార్.”

“అయినా చెబుతాను, నీ మంచికే. ఈ చిదంబరం ఉన్నాడే. ఊళ్ళో కవి. ఇంటికి ఎవరొచ్చినా పకోడీ ప్లేటు చేతికిచ్చి కవిత చదువుతాడు. ప్లేటు ఖాళీ అయ్యేదాకా వాళ్ళు లేవరు, లేస్తే భార్యని పిలిచి ఇంకో వాయి వెయ్యమంటాడు. ఇది అతిశయోక్తి కాదూ?”

“మీకు అట్టా అనిపించిందా?”

“ఎవరికైనా అనిపిస్తుంది. ఇలాంటి మనిషి ఎక్కడుంటాడు?”

“ఎక్కడా ఉండడు సార్.”

“నా గురించి రాశావని ఎవరైనా అనుకుంటారేమోనని నా భయం.”

“ఎవరనుకుంటారు? గుమ్మడికాయల దొంగ అంటే మీరెందుకు భుజాలు తడుముకోవడం?”

“నేనేం తడుముకోలేదు. సాంబారు ఘట్టం చూడు. ఫంక్షన్‌కి వెళ్ళేటప్పుడల్లా చిదంబరం నడిపే కారు ముందు సీట్లో ఎవరో ఒక కవిగారు, వెనక సీట్లో సాంబారు గిన్నె ఒళ్ళో పెట్టుకుని చిదంబరం భార్య రాజ్యం. మలుపు తిరిగినప్పుడల్లా చీర మీద ఒలుకుతుంది. చిదంబరం అద్దంలో చూసి, ‘జాగ్రత్త, సీటు పాడవుతుంది’ అంటాడు. ఇది మాత్రం, నిజం చెప్పాలంటే, చాలా బాగా రాశావు.”

“ఇప్పుడే లోపాలన్నారు.”

“లోపం తర్వాత వస్తుంది. ఆవిడ మొగుడికి తెలియకుండా ఆదివారాలు డ్రైవింగ్ నేర్చుకుంటుందన్నావు. అక్కడ పట్టు పోయింది. ఒకే ఇంట్లో ఉంటూ మొగుడికి తెలియకుండా ఎలా నేర్చుకుంటుంది? అసహజం. మీ ఆయన ఫుర్కాన్ డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నాడని కథలోకి డ్రైవింగ్ లాక్కొచ్చావు.”

“ఆదివారం పొద్దున పూట ఆయన సాహిత్య సమావేశంలో ఉంటాడు గదా సార్, కథలో. ఆయనకెట్టా తెలుస్తది?”

“సాయంత్రం చెప్పదూ?”

“చెప్తానే ఉంటది. ఆయన తల ఊపుతా పేపర్లో పద్యం రాసుకుంటా ఉంటాడు. ఆ పేజీ మీరు చదవలేదా?”

“చదివాను, చదివాను. అది ప్రింటర్‌లో కొంచెం సరిగ్గా రాలేదు.”

“ప్రింటర్‌లోనా?”

“అంటే... స్క్రీన్ మీద చదివితే కళ్ళు లాగుతాయి. ఒకటి రెండు పేజీలు ప్రింట్ తీశాను.”

“ఒకటి రెండా?”

“కొన్ని.”

“సార్, మీ బ్రీఫ్‌కేస్ మూత పడ్డంలేదు.”

“అవి వేరే కాగితాలు. సరే, అవే. అయితే ఏవిటి? రివ్యూ చేసేవాడు ప్రింట్ తియ్యకూడదా?”

“తీయొచ్చు. నేనేమీ అనలేదు. ఇంతకీ నన్ను పిలిచింది తిట్టడానికా, లోపాలు చెప్పడానికా?”

“ఆడిటర్లు వస్తారు. ఇవన్నీ తీసెయ్యాలి.”

“తీసేస్తాను. అయిదు నిమిషాల పని.”

“ఆగాగు. అంత తొందరెందుకు? ముందు ఒక సంగతి చెప్పు. కథ ఎందుకు ఆపేశావు?”

“ఎక్కడ?”

“లైసెన్స్ వచ్చింది, రాజ్యం తాళం చెవి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అంతే. సోమవారం నుంచి ఒక్క లైను లేదు. రోజూ పొద్దున్నే వచ్చి చూస్తున్నాను. ఆవిడ ఏం చేస్తుంది? వెళ్ళిపోతుందా? మొగుణ్ణి ఏమన్నా అంటుందా? ముగింపు రాసి వేరే ప్రోగ్రాంలో ఏమైనా పెట్టావా?”

“లేదు సార్.”

“రాయలేదా, పెట్టలేదా?”

“రాయలేదు.”

“అయ్యయ్యో. మరి ఎలాగ?”

“ఏందెలాగ? ఎవరూ చదవని రాత గదా. అడవి గాచిన వెన్నెల. సగం కాసినా ఒకటే, అంతా కాసినా ఒకటే.”

“అది కాదమ్మా. ఇవాళ ఆరున్నరకి.”

“ఆరున్నరకి ఏముంది?”

“బ్లాక్‌టౌన్ హాల్లో మన సాహిత్య సాయంత్రం. నీకూ పిలుపు పంపాను. అందులో... ఒక కథాపఠనం ఉంది.”

“ఎవరిది?”

“నాదే. అంటే, చదివేది నేను.”

“ఏ కథ సార్?”

“‘ఒక పురుషుని పశ్చాత్తాపం’ అని. పేరు నేనే పెట్టాను.”

“చాలా బాగుంది. అందులో సాంబారు ఉందా?”

“ఉంది.”

“తాళం చెవి?”

“అదీ ఉంది.”

“అయితే పేరు మీరు పెట్టారు, మిగతాది నేను పెట్టాను. అత్త సొమ్ము అల్లుడు దానం. మెప్పు ఎవరికి సార్?”

“అలా అనకు. నువ్వే ఎవరి మెప్పూ వద్దన్నావు. నీకక్కర్లేనిది నేను వాడుకుంటే...”

“మా ఇంట్లో కూర వద్దని పక్కన పెడితే మీరు పట్టుకెళ్ళి మీ వంటింటి వాసన అంటారా?”

“ఫహ్మీదా, నువ్వు కొంచెం శాంతంగా విను. సార్ ఏవిటి పరాయిదానిలా, అంకుల్ అను.”

“ఆఫీసు గదా సార్.”

“నిజం చెప్పేస్తాను. ఏప్రిల్లో మొదటి పేజీ చూశాను. చిదంబరాన్ని చూసి ఒళ్ళు మండింది. నీ మీద పీటర్‌కి చెప్దామని ప్రింట్ తీసి ఇంటికి పట్టుకెళ్ళాను. భోజనాల దగ్గర కాగితాలు చూసి మీ ఆంటీ, ‘ఏవిటండీ అవి’ అంది. నోట్లోంచి వచ్చేసింది, కథ రాస్తున్నాను అని. చదవండి అంది. చదివాను.”

“ఆంటీ ఏమన్నారు?”

“ఇరవయ్యేళ్ళయింది మా పెళ్ళై. నేను కవిత చదువుతుంటే ఆవిడ బియ్యం ఏరుకునేది, బట్టలు మడతపెట్టేది. ఆ రోజు చేతిలో పని పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. అంతా విని, ‘సాంబారు ముక్క ఇంకోసారి చదవండి’ అంది.”

“చదివారా?”

“మూడుసార్లు చదివించుకుంది. అప్పట్నుంచి రోజూ అడుగుతుంది, ఇవాళేమన్నా రాశారా అని. నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే. నేను ఆఫీసునుంచి రావడం కోసం ఆవిడ ఎదురుచూడ్డం నాకు... ఏం చెప్పమంటావు. ‘మిమ్మల్ని మీరు ఇంత బాగా చూసుకున్నారే’ అంది ఒకసారి. చిదంబరం నేనేననుకుంది పిచ్చిది. నేనూ కాదనలేదు.”

“అందుకని ఆయనంటే మీకు కోపం తగ్గింది.”

“అలవాటయ్యాడు. ఆవిడకి ఎంత సాహిత్యాభిరుచి ఉందో కూడా నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఒకచోట ఒక పేరా దాటేశాను, చదవకుండా. వెంటనే పట్టేసింది. ‘మధ్యలో ఏదో వదిలేశారే’ అంది.”

“ఏ పేరా?”

“అదే, చిదంబరం భార్య బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంటే ఆయన ఊరందరితో బ్యాంకులో అడ్మినిస్ట్రేషన్ అని చెబుతాడే, ఆ పేరా. అది ఎందుకో... కథకి అనవసరం అనిపించింది.”

“కథకి అనవసరమే. వదిలేసింది ఆంటీ ఎట్టా కనిపెట్టారంటారు?”

“అభిరుచి. చెబుతున్నాను కదా. అందుకే ముగింపు కావాలి. ఆవిడ రోజూ అడుగుతోంది. ఈ రోజు పదిమందిలో చదువుతానని మాటిచ్చాను. నాలుగు లైన్లు చాలమ్మా. రాజ్యం తాళం చెవి పక్కన పెట్టేసి, మొగుడి కళ్ళలో నీళ్ళు చూసి, ఆయన్ని క్షమించేస్తుంది. ఇదిగో కీబోర్డు.”

“రాయను అంకుల్.”

“అలా మొండికెయ్యకు. చూడు, ఈ సంతకం లేకపోతే నీ ప్రోగ్రాం ఆగిపోతుంది. జనవరి దాకా ఆగిందంటే డిసెంబర్లో నీ కాంట్రాక్ట్ ఎవరు పొడిగిస్తారు? కాంట్రాక్ట్ లేకపోతే వీసా ఏవిటి? పిల్లల చదువులేవిటి? నేను బెదిరించడం లేదు.”

“లేదు లేదు. బెదిరిస్తే ఇట్టా ఉండదు.”

“నాలుగు లైన్లు రాయి, సంతకం పెట్టేస్తాను. ఇద్దరికీ మంచిది.”

“ఆ కీబోర్డ్ ఇటివ్వండి.”

“అమ్మయ్య. రాయి, రాయి. క్షమించేస్తుంది అనే మాట ఉండేలా చూడు... ఏవిటది? ఏం చేస్తున్నావు? ఫహ్మీదా, అన్నీ పోతున్నాయి. పకోడీలు పోయాయి. సాంబారు, సాంబారు పోయింది. ఆగు తల్లీ.”

“అయిపోయింది. చూడండి. ఇప్పుడిది ప్రీమియం లెక్క మాత్రమే. ఒక్క తెలుగు ముక్క లేదు. ఇంక సంతకం ఆపడానికి మీకు కారణం లేదు, ఆడిటర్లకీ లేదు.”

“నీ దగ్గర ఇంకో కాపీ ఉందా?”

“లేదు.”

“బాధగా లేదూ?”

“ఉంది. ఆర్నెల్లు రాశాను అంకుల్. పొద్దున రైలు దిగి ఆఫీసుదాకా నడుస్తా ఇయ్యాళ ఏం రాద్దామా అనుకునేదాన్ని. ఆ నడక నాకు ఎంత బాగుండేదో మీకు చెప్పలేను. రాసేటప్పుడు నాకేం కావాలో అది దొరికింది. మీ సంతకం కోసం క్షమించేస్తది అని రాస్తే మాత్రం అది కూడా పోద్ది.”

“సరే. నువ్వు రాయకపోతే నేనే రాసుకుంటాను. నా దగ్గర కాగితాలు ఉన్నాయి. చిదంబరానికి ఒక సన్మానం జరుగుతుంది, అక్కడ రాజ్యం శాలువా కప్పుతుంది. అయిపోయింది. ముగింపు రాయడం ఏమంత బ్రహ్మవిద్య కాదు.”

“రాయండి. సన్మానానికి సాంబారు ఎవరు తెస్తారో అది కూడా రాయండి.”

“ఎందుకింత పంతం నీకు? నా మీద కోపమైతే అది వేరు. సోమవారం దాకా బాగానే రాస్తున్నావు కదా. సోమవారం ఏమైంది?”

“సోమవారం రైల్లో ఒకావిడ చెప్పారు. ఎవరో నా కథని రోజూ ఇంటికి పట్టుకొచ్చి చదివి వినిపిస్తున్నారని. అంతే. అప్పట్నుంచి చెయ్యి ఆగిపోయింది. ఒక్క లైను రాద్దామన్నా, ఇది వింటే వాళ్ళేమనుకుంటారో అని ముందే అనిపిస్తంది. ఎవరూ లేరనుకుని పాడుకుంటుంటే తలుపు పక్కన ఎవరో నిలబడ్డట్టు.”

“రైల్లో ఎవరు? నేను ఎవరికీ చెప్పలేదే. శేషగిరి వాళ్ళావిడా?”

“కాదు. రోజూ క్వేకర్స్ హిల్ స్టేషన్లో నాతోపాటు ఎక్కుతారు. నా పక్కనే కూచుంటారు. రెండేళ్ళ నుంచీ వాళ్ళింటి సంగతులన్నీ నాకు చెప్తారు. వినేవాళ్ళు ఇంకెవరూ లేరంట.”

“పేరేవిటి? ఏం చేస్తుంది?”

“మీరు అందరికీ బ్యాంకులో అడ్మినిస్ట్రేషన్ అని చెప్తారే, ఆవిడ.”

“మా ఆవిడా? శ్యామసుందరేనా?”

“ఊహించి రాసే తెలివి నాకెక్కడిది? పకోడీలు, సాంబారు అన్నీ ఆంటీ చెప్పినవే.”

“అంటే... నేను చదువుతున్నప్పుడు... మొదటి రోజు నుంచీ ఆవిడకి...”

“మొదటి రోజే తెలిసిపోయిందంట, ఎవరు రాశారో.”

“మరి ఒక్క మాట అనలేదే. ఇంకోసారి చదవండి, ఇంకోసారి చదవండి అంది.”

“నాకూ చెప్పలేదు. చెప్తే నేను రాయడం ఆపేస్తానని భయమంట. చూడండి, ఆపేశాను గూడా. మీరు హాల్లో చదువుతారని తెలిసి ఇంక ఆగలేక చెప్పారు. నాకైతే తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాటలు తీసుకుని, ఆవిడకి చెప్పకుండా నేను రాసుకున్నా గదా. క్షమించమన్నాను. ఆంటీ ఏమన్నారో తెలుసా?”

“ఏమంది?”

“‘పోనీలే అమ్మా, ఇన్నేళ్ళలో మా ఆయన నా గురించి నాతో మాట్లాడింది ఈ ఆర్నెల్లే’ అన్నారు.”

“ఈ ఆర్నెల్లేనా?”

“ఫోన్ మోగుతోంది అంకుల్.”

“మోగనీ.”

“రిసెప్షన్ నుంచి. స్పీకర్ నొక్కుతున్నా.”

“ఏవండీ, నేనండీ, శ్యామసుందరిని. కింద సెక్యూరిటీ అతని ఫోన్ నుంచి చేస్తున్నాను.”

“కిందా? ఇక్కడికెందుకొచ్చావు? నేను ఇంటికొచ్చి కారు తీసి, కవి రామ్మోహన్ గారిని ముందు సీట్లో ఎక్కించుకుని...”

“కారు నేను తెచ్చేశానండీ. సరుకులు దించే చోట పెట్టాను, అతను తియ్యమంటున్నాడు. త్వరగా రండి. రామ్మోహన్ గారికి రైల్లో రమ్మని చెప్పాను.”

“నువ్వు తెచ్చావా? ఎవరు నడిపారు?”

“ఆ పేజీ మీరే కదండీ చదివారు. ఫహ్మీదా ఉందా అక్కడ?”

“ఉన్నా ఆంటీ. మొత్తం తీసేశాను. ముగింపు కూడా రాయలేదు.”

“ఫర్వాలేదమ్మా. కాగితాలు ఈయన దగ్గర ఉన్నాయిగా, అవి నీకిచ్చేస్తారు. నువ్వు హాల్లో ఏమీ చదవక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఊరికే నాతో రా, ముందు సీటు ఖాళీగా ఉంది. ఏవండీ, ఆ పిల్ల కాగితం మీద సంతకం పెట్టారా?”

“పెడుతున్నాను. పెడుతున్నాను శ్యామూ. మరి నేను...”

“మీరు వెనకెక్కండి. సాంబారు గిన్నె ఉంది, ఒళ్ళో పెట్టుకోండి. మలుపుల దగ్గర ఒలుకుతుంది, జాగ్రత్త, సీటు పాడవుతుంది.”